రాసి పంపండి

"నోటితో చెప్తే రాసుకోరా అమ్మా?"

సైన్సు మేడమ్ తలెత్తి చూసింది.

ఆఫీసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పత్రికలో వారానికోసారి వచ్చే 'ఎందుకు? ఎలా?' పేజీ ఆమెదే. పాఠకులు ప్రశ్నలు పంపుతారు, ఆమె జవాబులు రాస్తుంది.

ఎదురుగా అరవై దాటిన మనిషి. నలగని చొక్కా, నున్నగా గీసిన గడ్డం. కుడిచెయ్యి జేబులోంచి తియ్యకుండా నిలబడ్డాడు. ఆ తీరు ఆమెకు నచ్చలేదు.

పేజీ అచ్చుకి వెళ్లడానికి గంటే ఉంది. ఏటేటా ఎండలెందుకు పెరుగుతున్నాయన్న జవాబు ఇంకా సగంలోనే ఉంది.

"ఏం చెప్తారండీ?"

"ప్రశ్నలమ్మా. మీ పేజీకి."

"రాసి పంపండి. నోటిమాటగా తీసుకోం."

"పోనీ, ఫోన్లో చెప్పినా..."

"మీరు చెప్తుంటే రాసుకుంటూ కూర్చోడానికి ఇక్కడెవరున్నారు చెప్పండి?"

విసుగ్గా ఓ కాగితం, పెన్ను ముందుకు తోసింది.

"ఇదిగో. ఇక్కడే రాసిచ్చి వెళ్లండి."

ఆయన కాగితం వంక చూశాడు. పెన్ను ముట్టుకోలేదు.

"చదువు రాదా?"

ఆయన నవ్వాడు.

"ఏదో కొంచెం వచ్చమ్మా. మీరు పనిలో ఉన్నట్టున్నారు, వస్తాను."

గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఇంద్రధనుస్సు జవాబు భలే రాశారమ్మా. మావాళ్లందరికీ నచ్చింది."

అప్పటికే ఆమె కళ్లు కంప్యూటర్ మీదికి వెళ్లిపోయాయి.

ఆ తర్వాతి వారం ఒక్క ఉత్తరం రాలేదు.

ఆ పై వారం రెండొచ్చాయి. రెండూ బరువు తగ్గడం ఎలా అనే.

అంతకుముందు వారానికి ఇరవైకి తగ్గేవి కావు. ఎండలో బస్సు నడుపుతుంటే దూరంగా రోడ్డు మీద నీళ్లున్నట్టు ఎందుకు కనిపిస్తుందని ఒక డ్రైవరు. టీకా వేయించుకుంటే జ్వరమెందుకు వస్తుందని ఒక ఆస్పత్రి ఆయా. బాగా కాలిన ఇస్త్రీ పెట్టె మీద నీటిచుక్క చటుక్కున ఆరిపోకుండా గోళీలా ఎందుకు దొర్లుతుందని ఒక ఇస్త్రీ ఆవిడ. అలాంటి ప్రశ్నలకి జవాబు వెతకడానికి ఆమెకే ఒక్కోసారి రెండు రోజులు పట్టేది.

నెల తిరిగేసరికి సంపాదకుడు పిలిచాడు.

"అడిగేవాళ్లే లేకపోతే జవాబులెవరికమ్మా? ఆ చోటు ప్రకటనలకి ఇచ్చేద్దాం."

ఆమె తిన్నగా ఉత్తరాలు టైపు చేసే ఆపరేటర్ దగ్గరికి వెళ్లింది.

"పాత కవర్లు దాచావా?"

అతను సొరుగులోంచి పెద్ద కట్ట తీశాడు. ఆమె ఒక్కొక్కటీ తిరగేసింది. పేర్లు వేరు. వీధి ఒకటే. చేతిరాతా ఒకటే.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీకు ప్రశ్నలు టైపు చేసి ఇమ్మన్నారు గానీ, రాత ఎలా ఉందో చెప్పమనలేదుగా మేడమ్."

ఆ మధ్యాహ్నమే ఆ వీధికి వెళ్లింది. ఇస్త్రీ బల్ల వెతుక్కోనక్కర్లేకుండానే దొరికింది.

"నీటిచుక్క సంగతి అడిగింది మీరేనా?"

ఇస్త్రీ ఆవిడ మొహం వెలిగిపోయింది.

"నేనేనమ్మా! చుక్క అడుగున ఆవిరి పుట్టి, దాన్ని పెట్టెకి తగలనీకుండా ఎత్తి పట్టుకుంటుందట కదా!"

"పేపర్లో చదివారా?"

"నాకు చదువెక్కడిదమ్మా? ఆయన చదివి వినిపించాడు."

గడ్డంతో పక్క కొట్టు చూపించింది. సెలూన్. తలుపులు మూసి ఉన్నాయి.

"మీ పేజీ వచ్చిన రోజు వీధంతా ఆ బెంచీల మీదే. మేం అడిగేవి ఆయనే రాసి మా పేర్లతో పంపేవాడు. మాలో చదువొచ్చినవాళ్లకి తీరిక లేదు, తీరికున్నవాళ్లకి చదువు లేదు. తన పేరు మాత్రం ఒక్కసారి కూడా వేసుకోలేదమ్మా."

"ఆయన ఎప్పుడొస్తారు?"

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టేసింది.

"పోయి పదిరోజులైంది. అంతకుముందే కుడిచెయ్యి పడిపోయింది. కత్తెర వదిలేసినప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. పెన్ను పట్టలేకపోతున్నానని మాత్రం ఏడ్చాడు. నోటితో చెప్తే రాసుకుంటారేమో కనుక్కుంటానని మీ ఆఫీసుకి కూడా వచ్చాడమ్మా."

సైన్సు మేడమ్ మూసిన తలుపుల వంక చూసింది. 

"వచ్చాక... ఏమన్నారు?"

"పాపం, ఆ పిల్ల పనిలో తలమునకలుగా ఉంది, ఇంకోసారి వెళ్తానన్నాడు."

ఆ పిల్ల తనేనని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

మూసిన సెలూన్ ముందు బెంచీ మీద కూర్చుంది. సంచిలోంచి నోటు పుస్తకం తీసింది.

"ఇకనుంచి వారం వారం నేనే వస్తాను. మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. ఇప్పుడు ఏం అడుగుతారు?"

 ఇస్త్రీ ఆవిడ బల్ల మీది చొక్కా తీసి ఊరికే దులిపింది. తల అడ్డంగా ఊపింది.

"ఏమీ తోచట్లేదమ్మా. తువాళ్లు ఇస్త్రీకి తెచ్చినప్పుడల్లా, 'ఇవాళ వింతగా ఏం చూశావే?' అని అడిగేవాడు. ఆ మాట మమ్మల్ని అంతకుముందు ఎవరూ అడగలేదు, ఆయన అడగబట్టే మాకు ప్రశ్నలొచ్చేవి."