తాబేలుకి గ్యారంటీ

"ఇవాళ ఏదో ఒక సముద్రం ఖాయం చేయకపోతే, సెలవులకి నేనొక్కదాన్నే మా అక్కావాళ్లింటికి వెళ్లిపోతాను," అని ట్రావెల్ ఆఫీసు మెట్ల మీదే తేల్చి చెప్పేసింది భార్య.

భర్త తలూపాడు. ఆరేళ్లుగా ఊపుతున్న తలే అది. నీటి అడుగున ఫోటోలు తీసే కెమెరా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగేళ్లయింది. పాత తువ్వాల్లో చుట్టి బీరువాలో పడుకోబెట్టాడు. ఏ దీవి పేరెత్తినా ఆయనకి ఏదో ఒక వంక. ఒకచోట ఖరీదు. ఒకచోట నీళ్లు మడ్డి. ఇంకోచోట రెండూనూ.

"లోపల మాత్రం నోరు మెదపకు," అన్నాడు. "బేరం దగ్గర మన సంగతులు బయటపెట్టకూడదు. ఏమీ తెలీనట్టు కూర్చోవాలి."

"అలా కూర్చోడానికి మీరు ప్రత్యేకంగా కష్టపడాలా ఏంటి?" అందామె.

ఏజెంటు ఎదురొచ్చి మరీ చెయ్యి కలిపాడు. భర్త వేళ్లు నాని ముడతలు పడి ఉన్నాయి. పాపం, కంగారుతో చెమటలు పట్టాయి కాబోలు అనుకున్నాడు. ఇలాంటివాళ్లని దారిలో పెట్టడం ఏజెంటుకి వెన్నతో పెట్టిన విద్య.

"డైవింగ్ అంటే ఆషామాషీ కాదు సార్! శ్వాస బిగబట్టకూడదు. మాస్కులోకి నీళ్లొస్తే ముక్కుతో ఊదాలి. ఫోటో కోసం చేపల వెంట పడకూడదు, అవే మన దగ్గరికి రావాలి."

"కాస్త గట్టిగా చెప్పండి. నాకు చెవులు కొంచెం మందం," అంటూ భర్త చిన్న పుస్తకం తీసి అన్నీ బుద్ధిగా రాసుకున్నాడు. భార్య కిటికీ వైపు తిరిగి పెదవి కొరుక్కుంది.

ఏజెంటు ఆమె వైపు వంగాడు. "సార్‌కి నీళ్లంటే భయమా మేడమ్?"

ఇక ఆగలేకపోయిందామె. "ఆదివారం వచ్చిందంటే ఈయన చేత స్నానం చేయించేసరికి నా తలప్రాణం తోకకొస్తుందండీ!"

బల్ల కింద భర్త ఆమె కాలు తొక్కాడు.

"భయం కాదండీ, విసుగు," అన్నాడు.

ఏజెంటు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే మూడు దీవుల కాగితాలు పరిచాడు. మొదటిది అద్భుతం, కానీ రేటు వింటే కళ్లు తిరిగాయి. రెండోది చవక, కానీ వీళ్ల సెలవులు పడిన నెలలో అక్కడ ఎడతెగని వానలు. నీటిలో దిగితే ఎవరి చెయ్యి వాళ్లకే కనిపించదు. భర్త రెండూ పక్కకి నెట్టి మూడోది దగ్గరికి లాక్కున్నాడు.

"ఇక్కడ నీళ్లలో ఎంత దూరం కనిపిస్తుంది?"

"ముప్పై మీటర్లు!"

"మధ్యలో ఏదీ అడ్డం రాదు కదా?"

"సముద్రం సార్! సముద్రంలో అడ్డమేముంటుంది?"

భర్త పెన్ను కింద పెట్టేశాడు. అడ్డం లేని నీలం. ఆయనకి కావలసింది అదొక్కటే. ఆ సంగతి తెలుసు కాబట్టే భార్య ఆరేళ్లు ఓపిక పట్టింది.

ఏజెంటు రేటు చెప్పాడు. చేతిలో ఉన్నదంతా ఊడిస్తే సరిగ్గా సరిపోతుంది. తేడా వస్తే పిల్లదాని కాలేజీ ఫీజు మీద పడుతుంది. భర్త నిట్టూర్చి పుస్తకం మూశాడు. భార్య ముఖం చిన్నబోయింది.

"ఆగండి సార్, ఆగండి!" ఏజెంటు సొరుగులోంచి ఒక పెద్ద ఫోటో తీశాడు. నీలం నీళ్లలో ఒక తాబేలు, కెమెరాకి ముఖం ఆనించినంత దగ్గరగా. ఎడమ ముందుకాలి అంచు ఎలుక కొరికినట్టు వంకీ తిరిగి ఉంది. "పోయిన నెల ఆ దీవిలో నేనే స్వయంగా తీశాను. మూలన ఆ తెల్లటి మెరుపు చూశారా? ఎండ సార్, నీళ్లలోకి దిగిన ఎండ!"

భర్త ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మీరే తీశారా?"

"నా పిల్లల మీద ఒట్టు! రోజూ పొద్దున్నే వస్తుంది సార్, మా పెంపుడు పిల్లలాంటిది. ఇది కనిపించకపోతే మీ డబ్బు మొత్తం వాపస్!"

"కాగితం మీద రాసిస్తారా?"

ఏజెంటు ఒక్క క్షణం తటపటాయించాడు. స్నానానికే బతిమాలించుకునే మనిషి, సముద్రంలో కళ్లు తెరిస్తే గొప్ప. ఏ తాబేలుని చూపించినా ఇదే అనుకుంటాడు. దర్జాగా రాసిచ్చాడు. భర్త అంతటితో వదల్లేదు. ఫోటోని ఆ కాగితానికి పిన్ను చేయించాడు. 'ఇదే తాబేలు, ఎడమ ముందుకాలికి వంకీ ఉన్నది' అని రాయించాడు. కింద సంతకం, పైన స్టాంపు. అప్పుడు డబ్బు కట్టాడు.

వీధిలోకి రాగానే భార్య గయ్యిమంది. "ఆరేళ్ల నుంచి సముద్రం సముద్రం అని చంపుకుతిన్నారు. తీరా వెళ్లేముందు తాబేలు గొడవేంటండీ? మనం వెళ్లేది దాన్ని చూడ్డానికా?"

"దాన్ని చూడకుండా ఉండడానికే," అన్నాడాయన. ఆరేళ్లలో మొదటిసారి ఈల వేసుకుంటూ నడిచాడు. పిచ్చిగానీ పట్టలేదు కదా అని ఆమెకి భయమేసింది.

మర్నాడు సరిగ్గా పదింటికి, పదిహేడేళ్లుగా చేస్తున్నట్టే ఆయన రబ్బరు సూటు తొడుక్కుని ఊరి అక్వేరియంలోని గాజు తొట్టిలోకి దిగి, అవతల గాజు మీద ఫ్లాష్‌లు మెరిపిస్తూ ఫోటోలు తీసుకుంటున్న జనానికి చెయ్యి ఊపి, ఎడమ ముందుకాలికి వంకీ ఉన్న తాబేలుకి క్యాబేజీ తినిపించాడు.