సరంగు తిన్నాడా

బతు బస్తీలో గణేశ్వరరావు వండూర్ రేవు పడవల టికెట్లకు ఇంటర్నెట్‌లో ప్రకటనలు పెడతాడు. ఎవరైనా కొంటే కమీషన్ వస్తుంది, కొనకుండా నొక్కి పోతే మాత్రం ఆ నొక్కుకు డబ్బు తనే కట్టాలి. యాడ్ యాడ కనబడినా క్లిక్కులే గానీ కిక్కు లేదు.

ఆ రాత్రి, వంటింట్లో మూత పెట్టి ఉన్న కంచం ముట్టకుండా, జనం ఏం వెతికి నొక్కుతున్నారో తెరిచి చూశాడు. అన్ని నొక్కులకూ ఒకటే మాట: “మా సరంగు తిన్నాడా”.

పడవ నడిపే సరంగునవుతానని చిన్నప్పుడు గోల పెట్టినందుకు, అమ్మ నూకరత్నం ఒక్కతే అతన్నలా పిలిచేది. హాడో క్యాంటీన్‌లో రాత్రి డ్యూటీకి వెళ్లేముందు అతని అన్నం కంచం మీద మూత పెట్టి, అక్కణ్నుంచి ఇంటి పక్క కొట్టుకు ఫోన్ చేసి రోజూ అదే అడిగేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

“ఫాల్తూ మాట, బ్లాక్ చేసెయ్యండి. లేకపోతే మన ధందా బంద్,” అంది పక్కనే పడుకున్న భార్య కనకలక్ష్మి.

బ్లాక్ చెయ్యడానికి అతనికి మనసొప్పలేదు. ప్రకటనలో టికెట్ల మాట తీసేసి, “తిన్నానమ్మా, పడుకో” అని రాశాడు.

నొక్కులు ఆగిపోయాయి. చాలాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. తర్వాత కొత్త మాట ఒకటి తెర మీదికొచ్చింది: “మరి కంచం మీద మూత తియ్యలేదేం?”

వంటింట్లో ఎవరో మూత తీసి, మెల్లగా పక్కన పెట్టిన చప్పుడయింది.