జెట్ స్కీకి వంకలు

నేవన్ ఊళ్లో చూసిన జెట్ స్కీకి ఇంజన్ పోయిందన్నాడు కృష్ణమూర్తి. పోర్ట్‌లీష్‌లో చూసినదానికి అడుగున పగులుందన్నాడు. మందుల ఫ్యాక్టరీలో యంత్రాలు చూసే ఇంజనీరు కదా అని కూతురు చరిత రెండుసార్లూ నమ్మింది.

ఆర్థిక మాంద్యంలో పనులు పోయినవాళ్లు గ్యారేజీల్లోవి చవగ్గా అమ్ముకుంటున్న రోజులు. నీళ్ల మీద నిలబడి నడుపుతూ గాల్లో పల్టీలు కొట్టే బండి ఆమె జీతానికి అందేది ఇప్పుడే.

మూడో ఇంట్లో ఇంజన్ మీదికి వంగిన తండ్రి తలెత్తాడు.

"ఇదీ వద్దమ్మా. లోపల పెట్రోలు కారుతోంది. అంటుకుంటే మనిషి మిగలదు."

చరితకు ఒళ్లు మండిపోయింది. "స్టాప్ ఇట్, డాడ్! అన్నింటికీ ఏదో ఒకటి! దిస్ వన్ ఈజ్ గ్రాండ్. ఐయామ్ బయింగ్ ఇట్."

గేటు దగ్గరున్న యజమాని వైపు విసురుగా నడిచింది. కృష్ణమూర్తి పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

"ఇది మాత్రం వద్దు తల్లీ. కావాలంటే నేవన్‌ది కొనుక్కో."

"దాని ఇంజన్ పోయిందన్నావ్!"

"పోలేదు. పోర్ట్‌లీష్ బండికీ పగుల్లేదు. రెండూ అబద్ధాలే. దీని సంగతే నిజం."

చరిత కోపంతో "వై?" అని అరిచింది.

"నేవన్‌ది చాలా మంచి బండి. నిన్ను ఇంత ఎత్తుకి లేపుతుంది." ఆయన తన తలకంటే పైకి చెయ్యెత్తి చూపించాడు. "అక్కణ్నుంచి పడితే? అందుకే వద్దన్నాను."