పారెడు బొగ్గు

"అమ్మా, ఇది లేవట్లేదు!" అంది మా అమ్మాయి, మ్యూజియంలో పాత ఆవిరి ఇంజనెక్కి, బొగ్గు నిండిన పారతో తంటాలు పడుతూ.

ఇంజన్ చూపించే పెద్దాయన నవ్వాడు. "ఒక్క పారకేనా తల్లీ? పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్లు డ్యూటీకి వెయ్యిసార్లు ఎత్తేవాళ్ళు. ఇంటికెళ్తే అన్నం ముద్ద ఎత్తడానికి కూడా చేతులు లేచేవి కావు."

మా ఆయన పద్దెనిమిదేళ్ళు ఫైర్‌మనే. పోయి ఆరేళ్ళయింది.

అమ్మాయి పార వదిలేసింది. యాభై ఏళ్ళు దాటినా, చిన్నపిల్లలా నా వైపు చూసింది.

"నాన్న నన్నెప్పుడూ ఎత్తుకోడేమని ఏడిస్తే, ఏం చెప్పావు నాకు?"

"ఆడపిల్లంటే గిట్టదులే అన్నాను. ఆయన విన్నారు కూడా. పల్లెత్తు మాట అనలేదు."

అక్కడితో ఊరుకుందామనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"డ్యూటీ దిగి రాగానే గడపలోనే చతికిలబడి, ఒడి తట్టి నిన్ను పిలిచేవారే."

"మరి నేను వెళ్ళలేదా?"

"పరిగెత్తేదానివి. గౌనుకి మసి అంటుతుందని నేనే రెక్క పట్టుకుని లాగేసేదాన్ని."

అమ్మాయి బొగ్గు పొడి రాలిన ఆ ఇనప నేల మీద, కొత్త బట్టలతోనే చతికిలబడింది.

మసి అంటుతుందని ఈసారి నేననలేదు.