పట్టాల మీది పైకప్పు

పడమటి దిక్కున మబ్బు లేచింది. చూస్తుండగానే సగం ఆకాశాన్ని మింగేసింది.

కావలి మనిషి తింటున్న పళ్లెం వదిలేసి మడి దగ్గరికి పరిగెత్తాడు.

మడికి ఒక పక్కన, ఇనుప పట్టాల మీద, చక్రాలున్న పెద్ద పైకప్పు ఉంది. వాన వచ్చేలా ఉంటే మీట నొక్కాలి. మోటారు ఆ కప్పును పైరు మీదికి లాక్కొస్తుంది. మడిలో ఒక్క చుక్క పడకూడదు. పడిందా, మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఈ మడి వేయించిన విత్తనాల మేడం ఈ మాట చెప్పని రోజు లేదు.

మీట నొక్కాడు. మోటారు ఉలకలేదు, పలకలేదు. కరెంటు పోయింది. పోదూ మరి! సరిగ్గా అవసరానికి పోకపోతే అది కరెంటు ఎలా అవుతుంది?

"ఏమేవ్, తొందరగా రా!" అని కేకేశాడు.

గదిలోంచి భార్య కొంగు దోపుకుంటూ వచ్చింది. ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. కప్పు జానెడు కదిలి మొరాయించింది.

"నిన్నంతా నడుం నొప్పని మూలిగావు. ఇప్పుడీ ఏనుగును తోస్తావా?" అంది.

"నడుం పోతే కట్టు కట్టించుకోవచ్చు. పైరు పోతే ఏం కట్టిస్తావే? తొయ్యి!"

గాలి దుమ్ము రేపింది. అతని చేతి మీద మొదటి చుక్క టప్పున పడింది. వంగి చూస్తే చక్రం కింద రాయి. గునపం తెచ్చి, నేల మీద బోర్లా పడుకుని పొడవడం మొదలుపెట్టాడు.

ఒక్క జీతం కోసమే అయితే అతను అంత తెగించేవాడు కాదు. ఈ పైరు గట్టెక్కితే మొదటి దోసెడు విత్తనాలు నీకేనని మేడం మాటిచ్చింది. రెండేళ్లుగా బీడు పడిన సొంత ఎకరంలో చల్లుకోవాలని అతని ఆశ. ఇది కూడా పోతే ఆ నేల అమ్ముకోవడమే.

రాయి ఎగిరి అవతల పడింది. కప్పు గడగడా దొర్లింది. చివరి మూర కప్పుకుందో లేదో, ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురిసింది. చుట్టూ తవ్విన కాలువ నీళ్లను అవతలికి లాక్కుపోయింది. పక్కనుంచి జల్లు కొట్టబోతే ఆలుమగలిద్దరూ టార్పాలిన్ సాచి పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు.

"పెళ్లయ్యాక మనిద్దరం కలిసి వానలో తడవడం ఇదే మొదలు," అంది ఆవిడ, పళ్లు టకటకలాడుతుంటే.

"సరసానికి భలే వేళ చూసుకున్నావు! ఆ కొస గట్టిగా పట్టుకో," అన్నాడు.

గంటకి తెరిపిచ్చింది. మేడం జీపు బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. వారం రోజులుగా ఊళ్లో లేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తడిసిందా?"

"లేదమ్మా. నాలుగు మూలలా వేలు గుచ్చి చూశాను. పొడి దుమ్మే."

"మరి... అది?"

"మీరే చూసుకోండమ్మా," అన్నాడు.

ఆవిడ చెప్పులు విడిచి, తల వంచి కప్పు కిందికి వెళ్లింది. ఒక్కో వరుసా దాటుకుంటూ పోయి, నడిమధ్యలో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నీళ్లు లేకుండా ఏది బతుకుతుందో తేల్చుకోవడానికి నలభై రోజులుగా చుక్క పొయ్యకుండా ఎండగట్టిన ఆ అరవై వరుసల్లో, ఒకే ఒక్క వరుస పచ్చగా, కంకులతో నిలబడి ఉంది.