ఒడ్డున పూడ్చిన గుంతలు

తెల్లవారుతుండగా షారన్ అతన్ని పట్టుకుంది.

చేతిలో పార. కాళ్ళకు తడి ఇసుక. వెనక అప్పుడే పూడ్చిన గుంత.

"తాబేలు గుడ్లు ఎన్నాళ్ళుగా తవ్వుకుపోతున్నావు?"

ఖాదర్ బాషా గడ్డానికి అంటిన ఇసుక తుడుచుకున్నాడు.

షారన్ నెల్లూరు నుంచి వచ్చి ఆ పల్లెలో ఉంటోంది. మనుషులు మూగజీవాలను ఎందుకు కాపాడతారు, ఎందుకు పట్టించుకోరు అన్నది ఆమె పరిశోధన. చుట్టుపక్కల ఒడ్లన్నిటా చచ్చిన తాబేళ్ళు కనిపించాయి. ఈ ఒడ్డున ఒక్కటీ లేదు. ఇక్కడి జాలర్లు మనసున్నవాళ్ళని రాసి పంపింది. పరిశోధకులను పైదేశాల సభలకు పంపే నిధివాళ్ళు అది చదివి, రానూపోనూ ఖర్చులు తామే భరిస్తామన్నారు.

అలాంటి ఊళ్ళో ఒక దొంగ.

అతన్ని ఊరి పెద్దల ముందు నిలబెట్టింది.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పార తీసేసుకుని, ఇక ఒడ్డు తొక్కవద్దన్నారు. గుడ్లతో అట్టు పోసుకున్నావా బాషా అని ఎవరో ఎగతాళి చేస్తే అందరూ నవ్వారు.

పోతూ పోతూ అతను షారన్ దగ్గర ఆగాడు.

"నువ్వు పోయే చోటికి వీటికోసం ఏడ్చేవాళ్ళు వస్తారా అమ్మా?"

"ఏడవరు. మాట్లాడతారు."

"మంచిది. మాట్లాడిరామ్మా."

షారన్ విమానమెక్కింది. ఆ ఊరి మంచితనం గురించి, ఆ ఒక్క దొంగ గురించి సభలో చెప్పింది. చప్పట్లు కొట్టారు.

తిరిగి పల్లెలో ఆటో దిగేసరికి, సముద్రం కనపడకముందే వాసన కొట్టింది.

ఒడ్డు పొడవునా తాబేళ్ళు. కళ్ళు కాకులు పొడిచేశాయి. డొప్పల దగ్గర కుక్కలు కొట్లాడుకుంటున్నాయి.

షారన్ ఊరి చివర ఖాదర్ బాషా ఇంటికి పరుగెత్తింది.

అతను లేడు. భార్య బడేబీ గడప దాటి రాలేదు. మొగుడు పోయిన ఇద్దత్ రోజులు. చీర చెంగు నెత్తిన కప్పుకుని లోపలి నుంచే మాట్లాడింది.

"పార పోయినాక చేతుల్తో తవ్వబోయినాడు. తరిమినారు. వచ్చి పడుకున్నాడు, మళ్ళీ లెయ్యలేదు."

"ఆ గుంతలు... గుడ్ల కోసం కాదా?"

"వలల్లో పడి చచ్చి కొట్టుకొస్తాయి గదమ్మా. ఆ మాట నీకు చెబితే పడవలోళ్ళ మీద కేసులు పడతాయని నోరు మెదపలేదు. పిల్లలు గలోళ్ళు అన్నాడు."

దూరంగా కుక్కలు అరుస్తున్నాయి.

బడేబీ ఆ అరుపులు వింటూ, నెమ్మదిగా అంది.

"కబరస్తాన్‌లో మనుషులకు గోరీలు తవ్వే మనిషమ్మా ఆయన. కుక్కల పాలు కాకుండా, నువ్వు లేవకముందే వాటికీ తవ్వినాడు."