ఆఖరి ఫోన్

“ఆ ఫోన్ నాకిచ్చేయండి వదినగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను,” అంటూ తాక్ చాంగ్సూ గుమ్మంలో బూట్లు విప్పి, లోపలికొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బేరిపళ్ళ పెట్టె, దాని మీద సీలు తీయని కొత్త ఫోన్ పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

మల్సూన్ తలెత్తలేదు. నేలమీద పాత పేపరు పరుచుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. పక్కనే మెత్తటి గుడ్డ మీద ఎనిమిదేళ్ళ నాటి ఫోన్ ఉంది.

“ఎవరికి వదినని? మా ఆయన బతికుండగా ఒక్క పండక్కైనా ఈ గడప తొక్కావా?”

“తప్పే.”

“పళ్ళు తీసుకెళ్ళు. నాకు పడవు.”

ఆ ఫోన్ విడుదల చేసిన రోజు కంపెనీ ఛైర్మన్ వేదికెక్కి గొప్పగా ఒక మాట అన్నాడు. ఈ మోడల్ ఫోన్ ఒక్కటి పనిచేస్తున్నా సరే, దానికి అప్‌డేట్లు ఆపేది లేదన్నాడు. ఆ మాటే అట్టపెట్టెల మీద అచ్చేయించారు. మూడేళ్ళు తిరిగేసరికి జనమంతా కొత్త ఫోన్లు కొనుక్కుంటారని వాళ్ళ ధీమా. కొనుక్కున్నారు కూడా. మల్సూన్ మాత్రం, అప్‌డేట్లు ఆగిపోయిన నెలలోనే, అట్టపెట్టె చంకన పెట్టుకుని కోర్టుకెళ్ళింది. గెలిచింది. ఇప్పుడు కొరియా మొత్తం మీద ఆన్‌లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. దానికోసం నెలనెలా అప్‌డేట్ తయారుచేయడానికి కంపెనీ ఉంచిన మనిషీ ఒక్కడే. అతనే తాక్.

“అందరి ఫోన్లూ చచ్చాయి. మీదెలా బతికుందో నాకర్థం కావడం లేదు,” అన్నాడు తాక్.

“బ్యాటరీ మూడుసార్లు మార్పించాను. ఎనభై శాతం దాటి ఛార్జింగ్ పెట్టను. వానొస్తే బయటికి తీయను. మా ఆయన్ని కూడా ఇంత అపురూపంగా చూసుకోలేదు.”

“పోయిన నెల అలారం మోత బాగాలేదని ఫిర్యాదు పెట్టారు. మార్చాను. పాతదే బాగుందని మళ్ళీ పెట్టారు.”

“అవును. ఈ నెల అక్షరాలు సన్నగా కనిపిస్తున్నాయి. రాసుకో.”

తాక్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. “నన్నెక్కడ కూర్చోబెట్టారో తెలుసా మీకు? సెల్లార్లో, పార్సిళ్ళ గది పక్కన. గోడకేసి కుర్చీ. పలకరించే దిక్కు లేదు. మూడేళ్ళు! మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. వియ్యంకుడు మా ఆఫీసు చూడ్డానికొస్తానంటే జ్వరమని అబద్ధం చెప్పాను. ఈ ఫోన్ ఆగిపోతే మళ్ళీ పైకి పిలుస్తామన్నారు.”

మల్సూన్ చేతిలో కత్తి ఆగింది.

“ఆ గది నాకు తెలుసు. మా ఆయన పద్నాలుగు నెలలు కూర్చున్నాడు అందులో. ఈ ఫోన్‌కి ప్రాణం పోసిన మనిషి. తనంతట తనే మానేసి పోతాడని, చేతిలో పని లాక్కుని అక్కడ పడేశారు. ఆ బదిలీ కాగితం మీద పై అధికారి సంతకం ఎవరిది?”

“నాదే.”

“అక్కడొక హీటరుండేదట?”

“ఉండేది. నేనే తీయించాను.”

“ఇప్పుడుందా?”

“లేదు.”

“చలేస్తోందా?”

“వేస్తోంది వదినా.”

“కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?”

“ఊఁ.”

“ఆయనకీ అంతే. ఇంటికి రాగానే వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ఏమైందని అడిగితే, పని ఎక్కువైందనేవాడు. ఆయన గుండె ఆగి పోయాకే తెలిసింది నాకు, అసలు పనే లేదని.”

గోడ మీద ఆమె భర్త ఇల్మాన్ ఫొటో ఉంది. తాక్ లేచి దాని ముందుకెళ్ళి, నుదురు నేలకానించి రెండుసార్లు సాగిలపడ్డాడు. రెండోసారి లేవలేకపోయాడు. “అన్నా, నాకంటే పెద్దవాడివి. నిన్ను కుక్కకన్నా హీనంగా చూశాను. నేనక్కడ కూర్చున్నాకే తెలిసొచ్చింది,” అంటూ ముసలివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

మల్సూన్ అతని వీపుకేసి చాలాసేపు చూసింది. చేతులు తుడుచుకుంది. ఫోన్ తీసి స్విచాఫ్ చేసి, అతని చేతిలో పెట్టింది.

“ఇంద.”

అతను నమ్మలేనట్టు చూశాడు. జేబులోంచి కాగితం తీశాడు. ‘ఈ ఫోన్‌ను నా ఇష్టప్రకారం కంపెనీకి అప్పగిస్తున్నాను’ అని ఉంది అందులో. ఆమె రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది.

“వెళ్ళు. అమ్మాయి పెళ్ళి బాగా చెయ్యి.”

“మీ మేలు ఈ జన్మలో మర్చిపోను వదినా!”

తలుపు మూసుకోగానే మెట్ల మీంచి అతని గొంతు వినిపించింది. ఆఫీసుకి ఫోన్ చేసి, పట్టలేని సంతోషంతో అరుస్తున్నాడు. “అయిపోయిందండీ! ఆఖరిది నా జేబులోనే ఉంది. ఆ గదికి తాళం వేయించండి. సోమవారం నుంచి నేను పైకొస్తున్నాను!”

అడుగుల చప్పుడు కిందికంటా దిగి ఆగిపోయేదాకా మల్సూన్ తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత నింపాదిగా అలమరా తెరిచి, పాత ఫోన్ల బజార్లో ఒక్కొక్కటే ఏరుకొచ్చి దాచిన అదే మోడల్ ఫోన్లు ముప్పై ఏడింటిలోంచి ఒకటి తీసి, ఆన్ చేసింది.